కాయిన్ కొనే ముందు – 3వ పాఠం: పైసా కాయిన్ నిజంగా చవకేనా?

పోయిన ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో మా ఊరి కుర్రాడు ఉండే పీజీకి వెళ్లాను. కింద ఆంధ్రా మెస్‌లో భోజనానికి కూర్చున్నామో లేదో, ఫోన్ నా ముందుకు తోశాడు. తెరమీద ఒక క్రిప్టో కాయిన్.

"అన్నా, షిబా ఇను చూడు. ఒక్కోటి పైసా కూడా లేదు. రూపాయి అయితే చాలు, మర్నాడే మేనేజర్‌కి రాజీనామా పంపించేస్తా."

పదివేలు పెడదామని ఉంది వాడికి. నేను పప్పన్నం కలుపుకుంటూ ఒకటే అడిగాను: "మొత్తం ఎన్ని ఉన్నాయిరా అవి?" వాడు తెల్లమొహం వేశాడు. ధర తెలుసు, చార్టు తెలుసు, లోగోలో ఉన్న కుక్కది ఏ జాతో కూడా తెలుసు. ఎన్నున్నాయో మాత్రం తెలీదు.

వైట్‌పేపర్, అంటే కాయిన్ తయారుచేసినవాళ్లు తమ ప్లాను రాసుకున్న పత్రం, ఎలా చదవాలో రెండో పాఠంలో చూశాం. ఈసారి పాఠమంతా నేను మెస్‌లో అడిగిన ఆ ఒక్క ప్రశ్న మీదే.

కాయిన్ల ధరలు చూపించే కాయిన్‌గెకో సైటులోనో కాయిన్‌మార్కెట్‌క్యాప్‌లోనో కాయిన్ పేరు కొట్టండి. ధర పక్కనో కిందో 'సర్క్యులేటింగ్ సప్లై' అని ఉంటుంది, అంటే ఇప్పుడు జనం చేతుల్లో తిరుగుతున్నవి. షిబా ఇనుకి అది సుమారు 589 లక్షల కోట్లు. పొరపాటు పడలేదు, లక్షల కోట్లే. ఒక్కోటి రూపాయి అయితే మొత్తం విలువ 589 లక్షల కోట్ల రూపాయలు. 2024–25లో మన దేశం జీడీపీ దాదాపు 330 లక్షల కోట్లు. మావాడు రాజీనామా చేయాలంటే ఆ కుక్కబొమ్మ దేశం మొత్తాన్నీ దాటిపోవాలన్నమాట. మెస్ బిల్లు వెనక ఈ లెక్క వేసి చూపిస్తే, వాడు సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

హొసకోటె వైపు సైటు చూపించే బ్రోకరు "చదరపు అడుగు ఇంతే సార్" అని, మొత్తం ఎన్ని అడుగులో చెప్పకపోతే మనం ఊరుకుంటామా? కాయిన్ దగ్గర మాత్రం ఊరుకుంటున్నాం. ధరని సంఖ్యతో గుణిస్తే వచ్చేదే మార్కెట్ క్యాప్. రెండు కాయిన్లని పోల్చాలంటే దాన్నే పోల్చాలి.

అలాగని దాన్నీ గుడ్డిగా నమ్మకండి. నేను ఇవాళ రాత్రి కూర్చుని 100 కోట్ల టోకెన్లు తయారుచేసి, ఒక్కటి మా బావమరిదికి పది రూపాయలకి అమ్మాననుకోండి. లెక్కప్రకారం నా టోకెన్ మార్కెట్ క్యాప్ 1,000 కోట్లు! జేబులోకి వచ్చింది పది రూపాయలు, అదీ బావమరిది ఇస్తే. చివరి బేరం ఏ ధరకి జరిగిందో ఆ ధరని అన్నిటికీ అంటగట్టడమే మార్కెట్ క్యాప్ అంటే. అంత డబ్బు లోపల ఎక్కడో ఉందని కాదు.

ఇక, ఉన్నవాటికి తోడు కొత్తవి ఎంత వేగంగా పుడుతున్నాయి? బిట్‌కాయిన్‌కి 2.1 కోట్ల దగ్గర గీత గీసేశారు. 2024 ఏప్రిల్ హాల్వింగ్‌తో, అంటే సగానికి కోతతో, ఒక్కో బ్లాకుకి (లావాదేవీల ఖాతాలో ఒక్కో కొత్త పేజీకి అనుకోండి) పుట్టేవి 6.25 నుంచి 3.125కి తగ్గాయి. డోజ్‌కాయిన్‌కి గీతే లేదు, ఏటా 500 కోట్లు కొత్తగా వస్తాయి. వినగానే భయం వేస్తుంది కానీ, ఇప్పటికే దాదాపు 15 వేల కోట్లు ఉన్నాయి గనక పెరుగుదల ఏడాదికి మూడు శాతం పైచిలుకు. గీత లేకపోవడం నా దృష్టిలో పెద్ద నేరం కాదు. వేగం ఎవరి చేతిలో ఉందో తెలియకపోవడం నేరం.

లూనా అనే కాయిన్ సంగతి అదే. దాని జోడీ కాయిన్ యూఎస్‌టీని ఒక డాలరు దగ్గర నిలబెట్టడానికి, యూఎస్‌టీ వదిలించుకునేవాళ్లకి డాలరు విలువైన లూనాని కొత్తగా అచ్చేసి ఇచ్చే ఏర్పాటు ఉండేది. 2022 మేలో అందరూ ఒక్కసారే తలుపు దగ్గరికి పరిగెత్తారు. లూనా ధర పడేకొద్దీ ఒక డాలరుకి ఇవ్వాల్సిన లూనాలు పెరిగాయి, అవి పెరిగేకొద్దీ ధర ఇంకా పడింది. సుమారు 35 కోట్లున్నవి కొద్దిరోజుల్లో 6.5 లక్షల కోట్లయ్యాయి. నలభై మందికి కాచిన చారు అరవై మందికి సరిపెట్టే మెస్సులు చూశాం. ఇది ఊరందరికీ పోసిన చారు.

నాకు తగిలిన దెబ్బ మాత్రం ఇంకో రకం. 2021లో ఒక టోకెన్ కొన్నాను, పేరెందుకు లెండి. అప్పటికి మొత్తంలో పదో వంతే బయట ఉంది. మిగతాది వ్యవస్థాపకులకీ, మొదట పెట్టుబడి పెట్టినవాళ్లకీ తాళం వేసి ఉంచారు. ఏడాది తిరగ్గానే తాళం తీశారు. దీన్ని అన్‌లాక్ అంటారు. వాళ్లు పైసలకి కొన్నవి నాలాంటివాళ్లు పెట్టిన ధరకి అమ్ముకున్నారు. అన్‌లాక్ తేదీలు ముందునుంచీ ప్రాజెక్టు పత్రాల్లోనే ఉన్నాయి. చదవలేదంతే. అందుకే సర్క్యులేటింగ్ పక్కన 'మ్యాక్స్ సప్లై', అంటే ఎప్పటికైనా ఉండగలిగే మొత్తం, కూడా చూడండి. 10 కోట్లు బయట, మొత్తం 100 కోట్లు, ధర 20 రూపాయలు అయితే మార్కెట్ క్యాప్ 200 కోట్లు, అన్నీ బయటికొచ్చాక లెక్క 2,000 కోట్లు. ఆ మిగతా 1,800 కోట్ల రూపాయలు పెట్టి కొనే మనుషులెవరో మీరే ఆలోచించుకోండి.

ఎవరి దగ్గర ఎన్నున్నాయో కూడా దాగదు. ఈథీరియం నెట్‌వర్క్ మీద నడిచే టోకెన్ అయితే ఈథర్‌స్కాన్ సైటులో 'హోల్డర్స్' నొక్కితే పెద్ద చిరునామాలన్నీ వరసగా వస్తాయి. అందులో కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీల వాలెట్లు (కాయిన్లు దాచే ఖాతాలు), ఎవరూ తీయలేని బర్న్ చిరునామాలు పక్కనపెట్టి మిగిలినవాళ్లని చూడాలి. షిబా ఇనులో సగం మొదట్లో ఈథీరియం స్థాపకుల్లో ఒకడైన విటాలిక్ బుటెరిన్ వాలెట్‌కే పంపారు, ఆయన అడక్కుండానే. 2021 మేలో ఆయన కొంత మన దేశంలో కోవిడ్ సాయానికి క్రిప్టోవాళ్లు పెట్టిన నిధికిచ్చి, తన దగ్గర మిగిలినవాటిలో 90 శాతం బర్న్ చిరునామాకి పంపి తగలబెట్టేశాడు. ఆయన అమ్ముకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఈ వారం అభ్యాసం: ఏవైనా మూడు కాయిన్లు తీసుకుని సర్క్యులేటింగ్, మ్యాక్స్, రాబోయే అన్‌లాక్ తేదీ, ఎక్స్ఛేంజీ కాని మొదటి పది వాలెట్ల వాటా నోట్‌బుక్‌లో రాయండి. ఫోన్‌లో కాదు, చేత్తో. సున్నాలు రాస్తేనే బరువు తెలుస్తుంది.

మావాడు బుధవారమే ఒకటి చేసి ఫొటో పంపాడు. కొత్త కాయిన్, బయట ఉన్నది 18 శాతం, రెండు నెలల్లో అన్‌లాక్. కింద ఒక ప్రశ్న: "అన్నా, దానికి ముందే కొని ముందే అమ్మేస్తే?" అమ్మడానికి అటువైపు కొనేవాడుండాలి కదా. వాడున్నాడో లేడో ఆర్డర్ బుక్, అంటే ఎక్స్ఛేంజీలో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పెట్టిన బేరాల జాబితా, చెబుతుంది. నాలుగో పాఠం అక్కణ్ణుంచే.