పీటీకి డబ్బు కట్టే ముందు కర్ర పట్టండి

జిమ్‌లో చేరిన రోజే ‘పీటీ తీసుకోండి సార్’ అంటారు. అంటే విడిగా డబ్బు కట్టి మీకంటూ ఒక ట్రైనర్‌ని పెట్టుకోవడం, పర్సనల్ ట్రైనింగ్. ఆ రోజు మాత్రం సరే అనకండి.

పొట్ట తగ్గాలి, షుగర్ అదుపులో ఉండాలి, అంతే అయితే వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు గుంజీలు, దండీలు చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం. శ్రీకాకుళంలో కోడి రామ్మూర్తి స్టేడియం, విజయనగరంలో అయోధ్య మైదానం ఉండగా నడకకి మనిషిని పెట్టుకోవడం దండగ.

బరువులు ఎత్తాలంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. చీపురు కర్రను వెన్ను వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, వీపు రెక్కల మధ్య, తోక ఎముక, ఈ మూడు చోట్లా ఆనాలి. నడుము దగ్గర అరచెయ్యి దూరేంత సందు ఉంటుంది, అది సహజమే. మోకాళ్ళు కాస్త సడలించి, వెనక గోడని తాకబోతున్నట్టు తుంటిని వెనక్కి నెడుతూ వంగండి. పక్కనుంచి ఫోన్‌తో వీడియో తీయించుకోండి. సగం వంగేలోపే కర్ర తోక ఎముకని వదిలేస్తే నడుము గుండ్రమవుతోందన్నమాట. అలాగే డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది బరువును వంగి పైకెత్తడం, చేస్తే బరువంతా నడుము మీదే పడుతుంది. వారం సాధన చేసినా కుదరకపోతే ట్రైనర్ అవసరమే.

పోటీల్లోలా బరువును తల పైకెత్తే స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ నేర్చుకోవాలంటే జిమ్ ట్రైనర్ కాదు, వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ కావాలి. నెల్లిమర్ల వైపు వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడలో అడిగితే దారి చెప్తారు. ఇక గుండె నొప్పి, ఈమధ్య ఆపరేషన్, 180/110 దాటిన బీపీ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ దగ్గరికే.

ట్రైనర్‌ని ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ చూడండి, కానీ అక్కడితో ఆగకండి. అతను ఇంకొకరికి నేర్పుతుంటే అరగంట గమనించండి. ఫోన్ చూస్తూ అంకెలు లెక్కపెడుతున్నాడా, మోకాలు లోపలికి పోతుంటే ఆపుతున్నాడా? అందరికీ ఒకే చార్టు ఇచ్చేవాడు, పాత దెబ్బలూ వాడే మందులూ అడగనివాడు మీకొద్దు.

మొదటి రోజే వందల గుంజీలు తీయించేవాడు మరీ ప్రమాదం. కండరాలు చితికి, వాటిలోని ప్రొటీన్ రక్తంలోకి దిగి కిడ్నీల మీద పడుతుంది. ఒకట్రెండు రోజుల ఒళ్ళునొప్పి మామూలే. మూత్రం కోలా రంగులోకి మారితే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి మాత్రలు మింగి సరిపెట్టుకోవద్దు, అవీ కిడ్నీకి చేటే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానం వాళ్ళయితే జిమ్ పౌడర్ల జోలికి పోకముందే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్ర పరీక్షలు చేయించుకోవాలి. కండ కోసం తాగే క్రియాటిన్ పౌడర్ మొదలెట్టాక చేయిస్తే ఆ పౌడరే అంకెను కొంత పెంచవచ్చు, అసలు సంగతి తేలదు. డబ్బా తానే అమ్మే ట్రైనర్ ఈ మాట చెప్పడు.

ఏడాది ప్యాకేజీ కట్టకండి. వారానికి మూడు చొప్పున 12 క్లాసులు మాట్లాడుకోండి. ఫీజుని నెలతో కాదు, క్లాసుల సంఖ్యతో భాగించి చూడండి. ఆ గంటలో మీతోపాటు ఎంతమందిని చూస్తాడో కూడా ముందే అడగండి. పన్నెండయ్యాక ఒంటరిగా చేసుకుంటూ, పదిహేను రోజులకోసారి తప్పులు దిద్దించుకుంటే సరిపోతుంది. ఎత్తిన బరువు, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విరామం, ఇవి రాసే పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి. ట్రైనర్ వేరే జిమ్‌కి వెళ్ళిపోయినా లెక్క పోదు.