డ్రోన్ అనుకోకుండా నేలకు దిగితే

అనంతపురం చుట్టుపక్కల వేరుశనగ చేలమీద ఎగురుతున్న చిన్న డ్రోన్ ఉన్నట్టుండి కిందికి దిగిపోతే, ముందుగా మోటార్లను ఆపాలి. రెక్కలు మొక్కల్లో చిక్కుకొని తిరుగుతూనే ఉంటే మోటారు కాలిపోతుంది. కంట్రోలర్‌ను ఆపివేయకుండా, యాప్ మ్యాపులో చివరగా కనిపించిన స్థానాన్ని స్క్రీన్‌షాట్ తీసుకొని, రైతు అనుమతితో సాళ్ల వెంబడి నడవాలి. గండికోట లోయలాంటి చోట పడితే మాత్రం దాని కోసం రాళ్లు దిగవద్దు. ఏ పరికరమూ ప్రాణానికి సాటి కాదు.

దొరికిన వెంటనే చూడవలసింది బ్యాటరీని. అది ఉబ్బినా, నొక్కుకుపోయినా, వేడిగా ఉన్నా ఛార్జింగ్ పెట్టకూడదు; లిథియం బ్యాటరీ కొంతసేపటి తరువాత కూడా అంటుకోగలదు కనుక, ఎండుగడ్డికీ ఇంటికీ దూరంగా ఇసుకలో ఉంచాలి. మోటార్లలో చేరిన ఎర్రమట్టిని మెత్తని బ్రష్‌తో తీసి, ఒక్కొక్కదాన్ని చేతితో తిప్పి చూడాలి. గరగరమంటే ఎగరవేయవద్దు. చీలిన రెక్కను అతికించకుండా మార్చాలి.

ఆ తరువాత ఫ్లైట్ లాగ్, అంటే ఎగిరినప్పటి వివరాలు నమోదయ్యే చిట్టా, చూడాలి. డ్రోన్ పడిపోయే ముందు, పూర్తి ఛార్జిలో సుమారు 4.2 వోల్టులుండే సాధారణ లిథియం పాలిమర్ సెల్ వోల్టేజి బాగా తగ్గి ఉంటే, కారణం చాలావరకు బ్యాటరీయే. డ్రోన్‌లోని దిక్సూచిని బోరు పైపులకూ స్టార్టర్ డబ్బాకూ దూరంగా క్యాలిబ్రేట్ చేసి (సరిదిద్ది), మనుషులు లేని చోట, గాలి నెమ్మదించిన ఉదయం, ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే డ్రోన్‌ను కొద్ది నిమిషాలు నిలిపి పరీక్షించాలి.