జాతర చుట్టాల మధ్యకు వెళ్లే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో గంగమ్మ జాతర దగ్గరపడినప్పుడు నలుగురిలోకి రావడానికి బెదిరేవారు ముందుగా ఇవి చూసుకోవాలి.

వెళ్లడం పూర్తిగా మానుకోవద్దు. తప్పించుకున్నప్పుడు కలిగే ఊరటే భయానికి బలమిచ్చి మరుసటి పిలుపును మరింత కష్టం చేస్తుంది కాబట్టి, అరగంట ఉండి వస్తామని ఇంట్లో చెప్పి బయలుదేరడం మేలు.

గుండెదడకు ఇతరుల మాత్రలు వాడవద్దు. ఇందుకు వాడే ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవారికి ప్రమాదకరం.

కాఫీ తగ్గించాలి, దడ పెరుగుతుంది.

ఫోన్‌లో తలదూర్చి కూర్చోవద్దు. మాట్లాడే అవసరం తప్పుతుందిగాని, మనల్ని ఎవరూ అంతగా గమనించడం లేదని తెలిసే అవకాశమూ పోతుంది. అంబలి పోసేచోట చేయి కలిపితే మాట దానంతటదే వస్తుంది.

“పెళ్లెప్పుడు?” అన్న ప్రశ్న ఎలాగూ తప్పదు, దానికి ఒక్క వాక్యం సిద్ధం చేసుకుంటే చాలు.

చదువు, ఉద్యోగం ఆగేంత భయముంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.