జాతులు ఎలా పుడతాయి? నాలుగో పాఠం: ఒకే తోటలో రెండు గుంపులు

గత పాఠంలో కొండో సముద్రమో అడ్డుపడి ఒక గుంపు రెండుగా చీలడం చూశాం. రెండు గుంపులకు రెండు వృత్తాలు, అడ్డుకు మధ్యలో ఒక గీత గీసిన కాగితం ఉంది కదా, దాన్ని ముందు పెట్టుకోండి. ఇప్పుడు ఆ గీతను చెరిపేయండి. అడ్డు లేకపోయినా గుంపు చీలుతుందా?

ఉత్తర అమెరికాలో ఆపిల్ పండ్లను పాడుచేసే ఒక చిన్న ఈగ ఉంది. దాని పుట్టిల్లు మాత్రం ఆపిల్ కాదు, హాథార్న్ అనే ముళ్ల చెట్టు. ఆపిల్ మొక్కలు యూరపు నుంచి వలస వచ్చినవారితో అక్కడికి చేరాయి. 19వ శతాబ్దం మధ్యలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ లోయ తోటల్లో ఈ ఈగ పిల్ల పురుగులు (లార్వాలు) ఆపిల్ పండ్లలో కనబడ్డాయి. కొత్త జాతి ఇలాగే మొదలవుతుందేమోనని 1860లలోనే బెంజమిన్ వాల్ష్ అనే కీటక శాస్త్రవేత్త ఊహించాడు. ఎంత దూరదృష్టి!

ఈ ఈగలు పండు మీదే జత కడతాయి, ఆ పండులోనే గుడ్లు పెడతాయి. అంటే పండును ఎంచుకోవడమంటే జోడును ఎంచుకోవడమే. ఈ పాఠానికి ఇదే కీలకం.

ఇక లెక్క. ఆపిల్ హాథార్న్ కంటే మూడు నాలుగు వారాల ముందు పండుతుంది. రెక్కలొచ్చి ఎదిగిన ఈగ ఆయుష్షు సుమారు ఒక నెల. నాలుగేసి గళ్ల పట్టీలు రెండు, ఒకదాని కింద ఒకటి గీయండి. పైది ఆపిల్ మీద బతికే ఈగలది, కిందిది హాథార్న్ మీద బతికే ఈగలది. గడికి ఒక వారం. కింది పట్టీని మూడు గళ్లు కుడికి జరపండి. రెండూ కలిసేది ఒక్క వారమే. నిజానికి ఈగలన్నీ ఒకే రోజు బయటికి రావు కాబట్టి కలిసే కాలం ఇంకాస్త ఎక్కువే. అక్కడ వాసన అడ్డు నిలుస్తుంది: ఆపిల్ ఈగకు ఆపిల్ వాసన ఇష్టం, హాథార్న్ ఈగకు హాథార్న్ వాసన. అయినా రెండు గుంపుల మధ్య తరానికి 4 నుంచి 6 శాతం వరకు కలయిక జరుగుతూనే ఉంది.

జవాబు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. “ఆపిల్ కోసం ఈగ తన కాలాన్ని మార్చుకుంది” అని రాయకండి. ముందుగా బయటికి వచ్చినవాటికి ఆపిల్ పండ్లు దొరికాయి, వాటి సంతానం మిగిలింది. అంతే జరిగింది. ఈ తేడా పట్టుబడేదాకా ఈ పేరాను మళ్లీ మళ్లీ చదవండి.

ఇవి ఇప్పటికే రెండు జాతులా? నేనైతే ఇంకా కాదంటాను. సగం చీలిన ఈ స్థితే నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే పని జరుగుతుండగా చూడగలుగుతున్నాం.

అభ్యాసం: కింది పట్టీని ఆరు గళ్లు జరిపితే ఏమవుతుందో రాసి ఉంచండి. ఈ ఈగ పురుగుల్లో గుడ్లు పెట్టే ఒక కందిరీగ కూడా వీటి వెంటే చీలుతోంది. వచ్చే పాఠం దాని గురించే.