బతుకమ్మ, దసరా యాడ్స్ హడావుడికి ముందే టీమ్ లీడర్లు చూసుకోవాల్సినవి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో బట్టల షాపులు, బంగారం షాపుల యాడ్స్ అన్నీ ఒక్కసారే మీద పడే సీజన్ ఇది. ఐడియాలు లేక పని చెడదు, ఆదరాబాదరాలో చెడుతుంది. దాన్ని అదుపులో పెట్టాల్సింది టీమ్‌ను నడిపేవాళ్లే.

ముందు క్యాలెండర్. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులకు తొమ్మిది పోస్టులు ఒకే మూసలో చేసి పెట్టేస్తుంటారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. 'రండి, ఆడుదాం' అని అప్పుడు యాడ్ వస్తే ఇక్కడి ఆడవాళ్లు నవ్విపోతారు. వేములవాడలో ఏడో రోజే సద్దులు. వరంగల్ తేదీ చూసుకుని అక్కడ హోర్డింగ్ ఎక్కిస్తే పండగ అయిపోయి ఉంటుంది. ఇలాంటివి పెద్ద జీతం సీనియర్ కన్నా మొన్న చేరిన ట్రైనీ అమ్మాయికే బాగా తెలిసి ఉండొచ్చు. మొదటి మీటింగ్‌లో ఆమెనే ముందు మాట్లాడనివ్వండి. మీరు నోరు తెరిచాక ఇంక ఎవరైనా మీ ఐడియానే బాగుందంటారు.

కాపీ (యాడ్‌లోని మాటలు) రాసేవాళ్లనూ డిజైనర్‌నూ పక్కపక్కన కూర్చోబెట్టండి. 1949లో న్యూయార్క్‌లో మొదలైన డీడీబీ అనే యాడ్ ఏజెన్సీలో, దాన్ని పెట్టినవాళ్లలో ఒకడైన బిల్ బెర్న్‌బాక్ కాపీ రాసేవాళ్లతో, డిజైనర్లతో ఇలాగే జంటగా పని చేయించాడు. మనకు ఇంకో లాభం కూడా ఉంది: ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగు నుంచి ప్రింటింగ్‌కు వాడే అను ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరితే అక్కడికక్కడే దొరికిపోతాయి. ఫ్లెక్స్‌కు పంపే ఫైల్‌ను కర్వ్స్ చేశాక (అక్షరాలను బొమ్మలుగా మార్చాక) కూడా మరొకరితో పైకి చదివించండి.

క్లయింట్ '80 శాతం వరకు తగ్గింపు' వేయమంటే, ఆ రేటుకు స్టాక్ ఎంతుందో అడగండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. 'కుదరదు' అనే మాట మీరే చెప్పాలి, డిజైనర్‌ను ముందుకు తోయొద్దు. వేయి స్తంభాల గుడిలో షూటింగ్ అనుకుంటే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి.

మార్పులు క్లయింట్ వైపు నుంచి ఒక్కరే చెప్పేలా మొదట్లోనే మాట్లాడుకోండి. లేకపోతే ఓనరు, మేనేజరు, ఓనరు బావమరిది ముగ్గురూ రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో మూడు రకాలుగా చెబుతారు. (రంగుల సంగతి బావమరిదికే బాగా తెలుసని ఎందుకో అందరి నమ్మకం.)

సద్దుల రోజు పోస్టులు ముందు రోజే షెడ్యూల్ చేసేయండి. ఆ రోజు టీమ్‌లోని ఆడవాళ్లను పొద్దున్నుంచే ఆఫీసుకు రమ్మనకండి, వాళ్లు పూలు పేర్చుకోవాలి.