బూటు ఎక్కడ కరుస్తోంది? సైజు పెంచే ముందు ఇది చూడండి

బూటు బిగుతుగా ఉందనగానే దుకాణంలో కుర్రాడు అనే మాట ఒకటే: "ఒక సైజు పెద్దది తెస్తాను సార్." మనమూ సరేనంటాం. సగం తిప్పలు అక్కడే మొదలవుతాయి. సైజు అంకె ప్రధానంగా చెప్పేది పొడవు. మన దుకాణాల్లో ఎక్కువగా నడిచే బ్రిటిష్ లెక్కలో ఒక సైజు పెరిగితే అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మి.మీ. పొడవు పెరుగుతుంది. వెడల్పు పెరిగేది అంతకంటే చాలా తక్కువ. అందుకే ముందు నొప్పి ఎక్కడుందో చూడాలి, అంకె సంగతి తర్వాత.

చిటికెన వేలు నలిగిపోతోంది, పక్కన ఆనెకాయ లేస్తోంది. పొడవు మాత్రం సరిపోయింది

మన దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. బూటు పొట్టి కాదు, ఇరుకు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లోనో ఉత్త కాళ్లతోనో తిరిగిన పాదం వేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటుంది. బూట్ల అచ్చుల కొలతలేమో చాలావరకు యూరప్, అమెరికా నుంచి వచ్చినవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిపించి మనవాళ్ల పాదాలు వెడల్పెక్కువని తేల్చింది. 'భా' పేరుతో మనకంటూ ఒక సైజుల పద్ధతినీ ప్రతిపాదించింది. ఆ సైజులు దుకాణాల్లోకి వచ్చేదాకా పరీక్ష మనమే పెట్టుకోవాలి.

బూటులోని ఇన్‌సోల్ (అరికాలి కింద ఉండే మెత్తటి అట్ట) బయటికి తీసి నేల మీద పరిచి, దానిమీద నిలబడండి. కూర్చుని కాదు, ఒంటి బరువంతా పాదం మీద పడాలి. పాదం అంచు దాన్ని దాటి పక్కకి వచ్చిందంటే ఆ బూటు మీది కాదు. "వాడుతుంటే వదులవుతుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. తోలు బూటు విషయంలో అది కొంత నిజమే. రెగ్జిన్ బూటైతే వదలాల్సింది మీ కాలే.

అదే సైజులో వెడల్పు రకం అడగండి. మగవాళ్ల స్పోర్ట్స్ బూట్లలో 2ఇ అంటే వెడల్పు, 4ఇ అంటే మరీ వెడల్పు. ఊళ్లో దొరకకపోతే ఆన్‌లైన్‌లో 'వైడ్' అని వెతకండి. ఇప్పటికే డబ్బు పెట్టిన తోలు బూటైతే, చెప్పులు బాగుచేసే చోట చెక్క అచ్చు బిగించి ఒకట్రెండు రోజులు ఉంచమనండి. పక్కలకి కాస్త సాగుతుంది. పొడవు మాత్రం పెద్దగా సాగదు.

మడమ జారుతోంది, వెనక బొబ్బ లేచింది

చాలాసార్లు ఇది పై జబ్బుకి చేసిన తప్పుడు వైద్యం. ఇరుకు పోవాలని సైజు పెంచారు. వేళ్లకి హాయిగానే ఉంది, మడమ దగ్గర ఖాళీ మిగిలింది. ఇక అడుగడుగుకీ రాపిడే. ఇంకో చిక్కు కూడా ఉంది: పాదం వేళ్ల మొదట్లో వంగుతుంది, బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి. సైజు పెద్దదైతే బూటు వంగే చోటు ముందుకి జరిగిపోతుంది.

స్పోర్ట్స్ బూటుకి అన్నిటికంటే పైన, ఎవరూ వాడని రంధ్రం ఒకటి ఉంటుంది. లేసుని అదే వైపున్న ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు ఒక్కో కొసనీ ఎదుటి ఉచ్చులోంచి లాగి ముడివేస్తే మడమ వెనక్కి కూర్చుంటుంది. లేసు బూటుకి నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) కింద పల్చటి ప్యాడ్ అతికించినా పాదం వెనక్కి జరుగుతుంది. అప్పటికీ జారుతుంటే సైజు తగ్గించి, వెడల్పు పెంచాలి.

కొత్త తోలు చెప్పు కరవడం వేరే సంగతి. అక్కడ తప్పు సైజుది కాదు, అంచు బిరుసుది. రాత్రి ఆ అంచుకి లోపలివైపు కొబ్బరినూనె రాసి ఉంచండి. కొన్నాళ్లు ఇంట్లోనే తొడుక్కుని తిరగండి.

జూన్‌లో బడి బూట్లు కొనేటప్పుడు "పెరిగే కాలు కదా" అని రెండు సైజులు పెంచి ముందు దూది కుక్కడం మన ఇళ్లలో మామూలే. ఏటా రెండు జతలు కొనడం భారమే, కాదనను. కానీ ఆ బూటు ఊడిపోకుండా పిల్లాడు రోజంతా వేళ్లు ముడుచుకుని నడవాల్సి వస్తుంది. కాలి వేళ్ల ముందు మన చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ చాలు. దసరా సెలవులకి మళ్లీ చూసుకోండి.

గోరు నల్లబడింది

ఇక్కడ నిజంగానే పొడవు తక్కువై ఉండొచ్చు. లేదా లేసు వదులై, పరిగెత్తినప్పుడు, దిగుడులో నడిచినప్పుడు పాదం ముందుకి జారి గుద్దుకుంటూ ఉండొచ్చు. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడుగు వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కొంతమందికి రెండో వేలే పొడుగు. బొటనవేలు నొక్కి చూసి సరిపోయిందనుకుంటే ఆ రెండో వేలికి శిక్ష.

నంబరు సరైనదే, బూటు మాత్రం సరిపోలేదు

అమెరికా నుంచి వస్తున్న అబ్బాయి "సైజెంత నాన్నా?" అని వాట్సాప్‌లో అడుగుతాడు. ఈయన 8 అంటాడు. అక్కడి 8 మగవాళ్లకి మన 7కి దగ్గర. ఆడవాళ్ల బూట్లలో తేడా ఇంచుమించు రెండు సైజులు. పైగా కంపెనీకో లెక్క: యూకే 8 అన్నచోట నైకీ 27 సెంటీమీటర్లని వేస్తుంది, అడిడాస్ 26.5 అని వేస్తుంది. అందుకని ఇప్పుడు వాడుతున్న బూటు నాలుక లోపలి చీటీలో సెంటీమీటర్ల అంకె ఉంటే దాన్ని ఫొటో తీసి పంపండి. లేకపోతే గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడి, పొడుగు వేలి దగ్గర పెన్సిల్ నిటారుగా పట్టి గీత గీసి కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దది చెప్పండి. కంపెనీ పట్టికలో ఆ అంకె పాదానిదో బూటు లోపలిదో కూడా చూసుకోమనండి.

దుకాణంలో బాగుంది, సాయంత్రానికి బిగుసుకుంది

పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి. అప్పుడే కొనండి, రోజూ వేసుకునే సాక్సుతోనే. పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంటే, నొక్కే చోట లేసుని అడ్డంగా దాటించకుండా నిలువుగా పై రంధ్రానికి తీసుకెళ్లండి.

పొద్దున లేచి వేసే తొలి అడుగుకే మడమ కలుక్కుమంటోంది

ఇది ఒక్క బూటు మార్చితే తీరేది కాకపోవచ్చు. మడమ నుంచి వేళ్లదాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీకి వాపు వస్తే ఇలాగే మొదలవుతుంది. అరిగిపోయిన పల్చటి చెప్పులు మానేయండి, తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించండి.

షుగరు ఉన్నవాళ్లకి ఈ గుర్తులేవీ నమ్మదగినవి కావు. స్పర్శ తగ్గిన కాలికి బూటు కరిచినా తెలియదు. వాళ్లు డాక్టరునడిగి మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) సోల్ పాదరక్షలు తీసుకోవడం మంచిది. తొడిగే ముందు బూటులో చెయ్యి పెట్టి రాయో మేకో ఉందేమో తడిమి చూడాలి. రాత్రి అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి. పుండు కనబడితే ఇంట్లో మందు రాసుకుంటూ కూర్చోకుండా ఆ మర్నాడే ఆసుపత్రికి వెళ్లాలి.