సోమవారం పొద్దున దేవుని దయ అడగడం ఎలా

ఆదివారం యవనస్థుల కూటం అయ్యాక ఎవరో ఒకరు ఆగి అడుగుతారు: "అక్కా, దేవుని దయ నా మీద ఉండాలంటే ఏం చెయ్యాలి?" అడిగినవాళ్ళకు చాలాసార్లు ఆ వారంలోనే ఇంటర్వ్యూనో, పరీక్ష ఫలితమో ఉంటుంది. నేను వారమంతా ఆఫీసులో లెక్కలు చూసుకునే మనిషిని. అందుకే నా జవాబు కూడా సోమవారం పొద్దున పనికొచ్చేలానే ఉంటుంది.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. దేవుని కృపను ఎవరూ సంపాదించలేరు. అది క్రియల వలన వచ్చింది కాదు, దేవుని వరమే అని ఎఫెసీ 2:8-9లో అపొస్తలుడైన పౌలు తెగేసి చెప్పాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో గారడీ సీమోను దేవుని వరాన్ని కొనుక్కుందామని డబ్బు పట్టుకొచ్చి పేతురు చేత ఎన్ని మాటలు పడ్డాడో చదవండి. "ఇన్ని రోజులు ఉపవాసం ఉంటాను, ఈ ఉద్యోగం ఇప్పించు ప్రభువా" అనడం కూడా ఆ బేరానికి దగ్గరి చుట్టమే. ఉపవాసం మంచిదే, బేరంతోనే ఇబ్బంది. 119వ కీర్తన 58వ వచనంలో భక్తుడు కటాక్షముంచమని పూర్ణహృదయంతో బతిమాలుకుంటున్నాడు. బతిమాలేవాడి చేతిలో ఇవ్వడానికి ఏమీ ఉండదు. మనం మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే.

ఇక అడిగే పద్ధతి. ఇందులో నాకు గురువు నెహెమ్యా, పారసీక రాజు కొలువులో పనిచేసిన యూదుడు. యెరూషలేము ప్రాకారాలు పడిపోయి ఉన్నాయని వినగానే ఆయన కూర్చుని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థన చేశాడు. యూదుల లెక్కలో కిస్లేవు నెలలో వార్త తెలిస్తే, రాజుతో మాట్లాడింది నీసాను నెలలో. మధ్యలో సుమారు 4 నెలలు గడిచాయి. నెహెమ్యా గ్రంథం మొదటి అధ్యాయం చివర, రాజు గురించి ఆయన ఏమడిగాడో గమనించండి: ఈ రోజు, ఈ మనిషి నా మీద దయ చూపేలా చెయ్యి అన్నాడు. ఏ రోజో తెలుసు, ఎవరి ముందు నిలబడాలో తెలుసు. "దేవా, నన్ను దీవించు" అని ఊరుకోలేదు.

అందుకని ఫోన్ చూడకముందే, ఆ రోజు నేను ఎవరెవరితో మాట్లాడాలో ఒక చీటీ మీద రాసుకుంటాను. ఆడిటర్, జీతం ఆలస్యమైందని కోపంగా ఉన్న డ్రైవర్, సెలవు మంజూరు చెయ్యాల్సిన మేనేజరు. ఒక్కొక్కరి పేరు చెప్పి, ఆ మాటల్లో నాకు ఏ దయ కావాలో అడుగుతాను. ఆడిటర్ దగ్గర ఓర్పు, డ్రైవర్ దగ్గర మెత్తని మాట, మేనేజరు దగ్గర ధైర్యం. ఐదు నిమిషాల పని. మీది ఆఫీసు కాకపోతే మీ చీటీలో పిల్లవాడి టీచరో, అత్తగారో ఉంటారు, అంతే తేడా.

నెహెమ్యా కథలో చాలామంది వదిలేసే భాగం ఇంకొకటుంది. "నీకేం కావాలి?" అని రాజు అడిగిన వెంటనే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎంతకాలం పడుతుందో చెప్పాడు, అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు, రాజు అడవిని కాసే ఆసాపు పేరు చెప్పి మానులు ఇప్పించమన్నాడు. ఆ నెలల్లో ప్రార్థనతో పాటు లెక్కలు కూడా వేసుకున్నాడన్నమాట! ఇంటర్వ్యూకి ఏమీ చదవకుండా "ప్రభువే చూసుకుంటాడు" అనే తమ్ముళ్ళకు నేను ఈ వచనాలే చూపిస్తాను. వాళ్ళకు పెద్దగా నచ్చదు.

రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఆయన ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడని నెహెమ్యా 2:4లో ఉంది. కళ్ళు మూసుకునే వీలు కూడా ఉండి ఉండదు. నెలాఖరున నా ఫోన్ మోగుతుంది. అవతల ఒకాయన "మూడోసారి చెబుతున్నా, ఇంకా పేమెంట్ పడలేదు" అని గొంతు పెంచుతాడు. నేను పెన్ను కింద పెడతాను. మ్యూట్ బటన్ మీద బొటనవేలు ఉంచి "ప్రభువా, మాట ఇవ్వు" అంటాను. బటన్ వదిలేసి "చెప్పండి సార్, బిల్లు నంబరు ఇవ్వండి" అంటాను. అవతలి గొంతు ప్రతిసారీ తగ్గదు. నాది మాత్రం పెరగదు, అప్పటికి నాకు కావాల్సిన దయ అదే. పొద్దున చీటీ పట్టుకుని అడగడం అలవాటయ్యాకే ఈ చిన్న ప్రార్థన నోటికొస్తుంది. నేరుగా దీనితో మొదలుపెడితే టెన్షన్‌లో గుర్తే రాదు.

ఏం అడగాలో తెలియని రోజు మోషే దగ్గరకు వెళ్ళండి. నీ కటాక్షం నా మీద ఉంటే నీ మార్గం నాకు తెలియజెయ్యి అని నిర్గమకాండము 33:13లో అడిగాడు. "ఈ ట్రాన్స్‌ఫర్ ఆగిపోవాలి" అని అడగడం తప్పేమీ కాదు, నేనూ అడుగుతాను. దాని పక్కనే "ఆగకపోతే అక్కడ ఎలా ఉండాలో చూపించు" అని కూడా కలపండి.

అడిగి ఊరుకుంటే సరిపోదు. సామెతలు 3:3-4లో దయనూ సత్యాన్నీ కంఠభూషణంగా ధరించుకోమని, అలా దేవుని దృష్టిలోనూ మనుషుల దృష్టిలోనూ దయ పొందుతావని ఉంది. రెండూ కలిపి ధరించడమే కష్టం. ఎవరైనా వచ్చి "బిల్లు పోయింది, ఏదో ఒకటి రాసెయ్యండి" అంటే రాసేస్తే దయగా కనిపిస్తుంది, సత్యం పోతుంది. "కుదరదు" అని మొహం మీద చెప్పి పంపేస్తే సత్యం మిగులుతుంది, దయ పోతుంది. "అలా రాయలేను. డూప్లికేట్ బిల్లు కోసం వాళ్ళకు నేనే ఫోన్ చేస్తాను" అనొచ్చు. పావుగంట పోతుంది, పోనివ్వండి. దొంగత్రాసు తనకు హేయమని చెప్పిన దేవుడు మన వోచర్లను చూడడనుకోవద్దు.

ఎవరితోనైనా మాటలు తెగి ఉంటే ముందు అది చూసుకోండి. అర్పణను బలిపీఠం ముందే వదిలేసి వెళ్ళి సమాధానపడమని మత్తయి 5:23-24లో ప్రభువే చెప్పాడు. నా సలహా: పొడవాటి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చెయ్యండి. "క్షమించు" తర్వాత "కానీ" అనకండి.

ఇంత చేసినా ఉద్యోగం రాకపోవచ్చు. సాక్ష్యాల సమయంలో మనకు ప్రమోషన్లే వినిపిస్తాయి కాబట్టి దయ అంటే అదేననుకుంటాం. యోసేపు మీద చెరసాల అధిపతికి కటాక్షం కలిగేలా యెహోవా చేశాడు, అయినా యోసేపు చెరసాలలోనే ఉన్నాడు. తనతో పాటు చెరలో ఉన్న పానదాయకుడు, అంటే రాజుకు ద్రాక్షారసం అందించేవాడు, విడుదలైపోయాక కూడా 2 ఏళ్ళు గడిచాయి. దయాప్రాప్తురాలని దూత పిలిచిన మరియతోనే, నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని సుమెయోను అనే భక్తుడు చెప్పాడు. తనను బాధపెడుతున్న శరీరంలోని ముల్లు తీసెయ్యమని పౌలు ముమ్మారు వేడుకుంటే "నా కృప నీకు చాలు" అన్న జవాబు వచ్చింది. కాబట్టి సాయంత్రం ఆ చీటీ మళ్ళీ తీసినప్పుడు అడిగింది దొరికిందా లేదా అని మాత్రమే చూడకండి. ఎవరి దగ్గర నోరు అదుపులో ఉంది, ఎవరు అనుకోకుండా సాయం చేశారు, పక్కన ఒక్క ముక్కలో రాయండి. రాసేది లేకపోతే ఖాళీగా వదిలేయండి, కల్పించకండి.

ఒకే ఉద్యోగానికి మీరూ మీ స్నేహితురాలూ వెళ్ళి, తనకు వచ్చి మీకు రాకపోతే అదే రోజు ఫోన్ చేసి అభినందించండి. రేపటికి వాయిదా వేస్తే "తనకే ఎందుకు" అన్న మాట లోపల పాతుకుపోతుంది. ఫోన్ పెట్టేశాక తలుపేసుకుని మీ ఏడుపు మీరు ఏడవండి, మాటలు దొరక్కపోతే 13వ కీర్తన తెరవండి. 6 వచనాలే. "ఎన్నాళ్ళు" అని దావీదు వరసగా అడుగుతున్నాడు, మీరూ అలాగే అడగండి.